ఉప్పుగాలిలో ఆరేళ్లు: 41 వేలే తిరిగిన కాంపాక్ట్ ఎస్‌యూవీని ఎందుకు వద్దన్నాం

విజయనగరంలో మా షెడ్డుకి రిపేర్లకి వచ్చే బళ్లు ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య పాత బండి కొనేముందు ఒకసారి చూసిపెట్టమని వచ్చేవాళ్లు కూడా పెరిగారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "మీటర్ తిప్పీసారేమో చూడండి." ఈ కేసులో మీటర్ ఎవరూ తిప్పలేదు. 41 వేల కిలోమీటర్లు అక్షరాలా నిజం. చివరికి బండి వద్దనడానికి కారణం కూడా అదే.

కొనాలనుకున్నది గరివిడి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. స్కూలుకి రానూపోనూ రోజుకి 40 కిలోమీటర్లు, పండక్కీ పబ్బానికీ సాలూరులో అత్తవారింటికి. బడ్జెట్ ఆరున్నర లక్షలు. కొన్నాక ఏడేళ్లు ఉంచుకుంటానన్నారు, అమ్మాయి చదువు అయ్యేదాకా ఇంకో బండి మాట ఎత్తేది లేదట. నా పనికి బడ్జెట్ కన్నా ఈ ఏడేళ్ల మాట ముఖ్యం. రెండేళ్లు తిప్పి అమ్మేసేవాడికి ఇవాళ బండి ఎలా ఉందో చెబితే చాలు. ఏడేళ్లు ఉంచుకునేవాడికి ఏడేళ్లలో ఏమేం వస్తాయో, వాటిలో ఏవి డబ్బు పెడితే పోతాయో, ఏవి పెట్టినా పోవో చెప్పాలి.

బండి 2018 మోడల్, 1.5 లీటర్ల డీజిల్, మాన్యువల్ గేర్లు, బీఎస్4. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే దీంట్లో కంపెనీ తప్పేమీ లేదు. పొడవు 4 మీటర్ల లోపు, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ లోపు ఉంటే పన్ను తక్కువ కాబట్టి ఈ తరగతి బళ్లన్నీ ఆ గీతల మధ్యే తయారవుతాయి. కింద పడుకుని చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ కట్టుబడిలో తేడా మనం అనుకున్నంత ఉండదు.

మాస్టారికి ఇంకో భయం, డీజిల్ బండి పదేళ్లకే ఆపేస్తారని. ఆ నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్‌ది. మన దగ్గర సొంత కారుకి 15 ఏళ్లకి రిజిస్ట్రేషన్ అయిపోతుంది, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు.

బండి ఉన్నది బారువ దగ్గర, సముద్రానికి బాగా దగ్గర్లో ఉన్న ఊరు. ఓనర్ మర్చంట్ నేవీలో ఉద్యోగి, ఇంట్లో తండ్రి ఒక్కడే. పలాస బ్రోకరు ద్వారా 6 లక్షల 20 వేలకి బేరం పెట్టారు.

కాగితాల్లో కనబడింది

వెళ్లేముందే మాస్టారి చేత సీ-బుక్ ఫోటో, కంపెనీ సర్వీసు హిస్టరీ, పాత ఇన్సూరెన్సు పాలసీలు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడిగించాను. ఫాస్టాగ్ ఎందుకని బ్రోకరు కాస్త విసుక్కున్నాడట. 2021 ఫిబ్రవరి నుంచి నేషనల్ హైవే టోళ్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి. బండి టోల్ దాటిన ప్రతిసారీ తేదీ, టైము ఎక్కడో ఒకచోట పడి ఉంటాయి. బారువ వైపు నుంచి శ్రీకాకుళం రావాలంటే మడపాం దాటాలి, విశాఖ వెళ్లాలంటే నాతవలస కూడా. మీటర్ తిప్పేవాడు ఈ లెక్కని తిప్పలేడు.

ఓనర్ ఓడ మీద నుంచే అన్నీ వాట్సాప్‌లో పంపాడు. అంత తొందరగా పంపినవాడు దాచేవాడు కాదని అప్పుడే అనిపించింది. 2018 నవంబర్‌లో విశాఖలో కొన్నారు. 2020 మార్చికి 31 వేలు తిరిగింది, అప్పటిదాకా సర్వీసులన్నీ టైముకి ఉన్నాయి. తర్వాత అతను ఓడ ఎక్కాడు. అక్కడి నుంచి మేం చూసిన 2024 డిసెంబర్ దాకా, అంటే ఐదేళ్లకి కాస్త తక్కువలో, పదివేలే. ఫాస్టాగ్‌లో కూడా టోళ్లు అతను సెలవుకి వచ్చిన నెలల్లోనే కనబడ్డాయి, మధ్యలో నెలల తరబడి ఖాళీ. 2022లో సోంపేటలో ఆయిల్ మార్పించారట, బిల్లు లేదు.

ఇన్సూరెన్సు కూడా అదే కథ చెప్పింది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఈ బండికి అది 2021 నవంబర్‌లో అయిపోయింది. తర్వాతి పాలసీ 2022 జూన్‌లో మొదలైంది. ఏడు నెలలు ఇన్సూరెన్సు లేదంటే ఏడు నెలలు బండి గేటు దాటలేదనే అనుకోవాలి. దాటిందంటే అది ఇంకో రకం సమస్య.

తిత్లీ తుపానులో మునిగిందేమో అని మాస్టారి అనుమానం. ఉద్దానం వైపు బండి కొనేవాళ్లకి ఆ అనుమానం రావడం సహజమే. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది, బండి రిజిస్ట్రేషన్ నవంబర్‌లో. 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ తుపాను మాత్రం ఈ బండి ఇంటి దగ్గర ఉండగా వచ్చిందే. అందుకని అక్కడికి వెళ్లాక సీటు బెల్టులు నాలుగూ చివరిదాకా లాగి చూశాను. నీళ్లు కూర్చున్న బండిలో సీట్లు, కార్పెట్లు కడిగేస్తారు, బెల్టు చివర చుట్టలో ఉండిపోయిన బురద గీత మాత్రం కడగరు. ఇక్కడ గీత లేదు. మునిగిన బండి కాదు.

బానెట్ చల్లగా ఉండగా

మేం వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే గట్టిగా చెప్పాం. దిగగానే బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. పెద్దాయన టీ తెప్పించి, బండి గురించి మురిపెంగా చెప్పుకొచ్చాడు. "మా అబ్బాయి ఓడ మీదుంటాడు బాబూ. బండి ఎవర్నీ ముట్టుకోనీనేదు. షెడ్డులోనే ఉంచినాం, ఒక్క వానచుక్క పడనేదు. నెలకోసారి నేనే స్టార్ట్ చేసి, పది నిమిషాలుంచి ఆపీస్తాను."

ఆయన గొప్పగా చెప్పిన ఆ రెండు మాటలూ, షెడ్డూ, పది నిమిషాల స్టార్టూ, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

టైర్లు ఐదూ బండితో వచ్చినవే. పక్కన ఉన్న నాలుగంకెల తేదీ ఐదింటి మీదా 2018 ముప్పయ్యో వారం చుట్టుపక్కలే. కొత్త టైరుకి గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇక్కడ 4 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ మిగిలింది, 41 వేలకి సరిపోయింది. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు అన్నీ ఆ అంకెతోనే పొత్తు కుదిరాయి. పెయింట్ మందం కొలిచే గేజి పెట్టి చుట్టూ తిరిగితే ఎడమ వెనక డోరు ఒక్కటే 260 మైక్రాన్లు చూపించింది, మిగతా అంతా 100, 140 మధ్య. ఏదో గీత పడితే వేయించినది, పుట్టీ లేదు. పైన చూస్తే బండి పెళ్లికూతురే, మాస్టారి మొహం వెలిగిపోయింది.

సెల్ఫ్ కొట్టగానే మల్టీమీటర్‌లో వోల్టేజి 9 దగ్గరికి పడిపోయింది. స్టార్టింగ్‌లో 9.6 కింద పడితే బ్యాటరీ చివరికి వచ్చినట్టే. మూడోసారికి అందుకుంది. తెల్లపొగ కాసేపు వచ్చి పోయింది, చలికాలం పొద్దున అది పెద్ద విషయం కాదు. ఇంజిన్ ఆపి ఆయిల్ మూత తీశాను. మూత లోపలివైపు లేత గోధుమరంగులో, పాల మీద మీగడలా ఒక పొర కట్టి ఉంది. వేలితో తీస్తే జారుతోంది, నీళ్ల తడి తెలుస్తోంది.

ఇది చూడగానే చాలామంది మెకానిక్కులు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందంటారు. బేరం తగ్గించడానికి మంచి మాటే, నిజం కాకపోవచ్చు. గ్యాస్కెట్ పోతే కూలెంట్ తగ్గుతుంది, కూలెంట్ ట్యాంకులో జిడ్డు తేలుతుంది, సిలిండర్ల గ్యాసు కూలెంట్‌లోకి దూరుతుంది. ఇక్కడ కూలెంట్ మట్టం సరిగ్గా ఉంది, జిడ్డు లేదు. ఇంజిన్ వేడెక్కాక టెస్టింగ్ ద్రవం పెట్టి చూస్తే నీలం రంగు మారలేదు. గ్యాస్కెట్ బాగానే ఉంది.

మరి మీగడ ఎక్కడిది? నెలకోసారి పది నిమిషాల నుంచి. డీజిల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి దిగి ఆయిల్‌లో చేరుతుంది. బండి రోడ్డెక్కి అరగంట, గంట తిరిగితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ నీరంతా ఆవిరై పోతుంది. నిలబెట్టి పది నిమిషాలు తిప్పితే నీరు పుట్టడమే గాని పోవడం ఉండదు. మళ్లీ నెలకి ఇంకొంచెం. ఆయన ప్రేమగా చేసిన పని ఆయిల్‌కి అపకారం చేసింది. ఇలా నిలబెట్టాల్సి వస్తే బ్యాటరీ తీగ విప్పేసి అసలు స్టార్ట్ చేయకుండా ఉంచడమైనా మేలు, లేదా కనీసం సోంపేట దాకా తిప్పి తేవడమైనా మేలు.

డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. ఒక తెల్ల గాజుసీసా పెట్టి వదిలాను. నిమిషం ఆగితే సీసా అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, పైన డీజిల్, మధ్యలో తుప్పు నలక. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు రాత్రి చల్లబడి పగలు వేడెక్కుతూ ఏళ్ల తరబడి తేమ తాగింది. కామన్ రైల్ డీజిల్లో, అంటే రైల్ అనే ఒకే పైపు నుంచి అన్ని సిలిండర్లకీ ఇంధనం వెళ్లే ఇంజిన్‌లో, ఇంజెక్టర్ దగ్గర ప్రెషర్ వెయ్యి బార్లకి పైన ఉంటుంది, అక్కడి ఖాళీలు వెంట్రుక మందంలో ఎన్నో వంతు. ఫిల్టర్ దాటి నీరు వెళ్తే పంపుకీ ఇంజెక్టర్లకీ ముప్పే.

బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే లోపాల కోడ్లు ఒక్కటీ లేవు. అలా కడిగినట్టున్న స్కానర్ తెరని చూస్తే నాకు అనుమానం పెరుగుతుంది. చాలా బళ్లలో "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం" అని ఒక లైను కనబడుతుంది, చూసేవాళ్లు తక్కువ. ఇందులో 11 కిలోమీటర్లని ఉంది. బ్రోకరు వైపు చూస్తే ఫోన్ మాట్లాడుకుంటూ కొబ్బరిచెట్ల వైపు నడిచాడు.

హైవే మీదికి తీసుకెళ్లి నాలుగో గేరులో నిండుగా తొక్కితే రెండున్నర వేల ఆర్పీఎం దాటాక బండి లాగడం తగ్గింది. వెనక్కి వచ్చి స్కానర్ పెడితే రైలు ప్రెషర్ తక్కువ అన్న కోడ్ పెండింగ్‌లో వచ్చి కూర్చుంది. ఒక సిలిండర్‌కి ఇంధనం దిద్దుబాటు మిగతా మూడింటికన్నా బాగా ఎక్కువ చూపిస్తోంది. ఫిల్టర్ మారిస్తే పోవచ్చు, ఒక ఇంజెక్టర్ దాకా వెళ్లొచ్చు. ఏదైనా డబ్బుతో పోయేదే.

ఏసీ ఫిల్టర్ తీస్తే ఎలక గూడు. కొబ్బరి పీచు, కొరికిన జీడిపిక్కలు మెత్తగా పరుచుకుని ఉన్నాయి. వైర్లు రెండుచోట్ల కొరికితే టేపు చుట్టారు. చిన్న పనే, కానీ కొరికిన చోటు ఇవేనా ఇంకా ఉన్నాయా అన్నది ఏడాది తిప్పితే గాని తెలియదు.

ర్యాంపు మీద

అప్పటికి నా లెక్కలో బండి ఇంకా బతికే ఉంది. లక్ష ఖర్చు, బేరంలో లక్షన్నర తగ్గింపు, తీసుకోవచ్చు అనుకుంటున్నాను. పలాసలో తెలిసినవాళ్ల షెడ్డులో ర్యాంపు ఉంటే అక్కడ పైకెత్తించాం.

కింద అంతా నల్లగా నిగనిగలాడుతోంది. "అండర్‌కోటింగ్ కొట్టించాం సార్, ఎనిమిది వేలయింది" అన్నాడు బ్రోకరు. ఆరేళ్ల బండికి అమ్మేముందు కొత్తగా అండర్‌కోటింగ్ కొట్టించే పుణ్యాత్ములు చాలా తక్కువ. పైగా కొట్టినవాడు తొందరలో సైలెన్సర్ రబ్బర్ల మీద, బోల్టు తలల మీద, బ్రేకు పైపుల మీద కూడా కొట్టేశాడు. శుభ్రం చేసి, ఎండనిచ్చి, అక్కర్లేని చోట టేపు వేసి కొట్టే పని ఇలా ఉండదు.

పెద్దాయనకి ఫోన్ చేసి అడిగి, వెనక చక్రాలు రెండింటినీ కలిపే బీమ్ బాడీకి బిగించే చోట స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం గీకాను. నల్లపొర మెత్తగా లేచింది. దాని కింద పెయింట్ లేదు. పొరలు పొరలుగా లేచిన తుప్పు, గోరుతో తీస్తే రేకులుగా రాలింది. పిడితో తట్టుకుంటూ వస్తే ముందువైపు ఠంగుమన్న రేకు, వెనక బీమ్ దగ్గరికి వచ్చేసరికి చప్పుడు చచ్చిపోయింది. కుడివైపు ఫుట్‌బోర్డు కింద రెండు రేకులు కలిసే అతుకు ఉబ్బి ఉంది. లోపలి నీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి అక్కడ, వాటిలో మూడు ఇసకతో మూసుకుపోయాయి. నాలుగోదాంట్లో వైరు పెట్టి కదిపితే తుప్పు పొడి, తడి ఇసక కలిసి రాలాయి.

రెండు రకాల తుప్పు ఉంది, వాటిని కలిపి చూడకూడదు. సస్పెన్షన్ ఆర్మ్‌ల మీద, సైలెన్సర్ మీద, బోల్టుల మీద ఎర్రగా కనబడేది పైతుప్పు. ఆ భాగాలు మందంగా ఉంటాయి, విప్పి మార్చొచ్చు కూడా. దాన్ని చూసి బెదిరిపోయి మంచి బండి వదులుకున్నవాళ్లున్నారు. రెండోది పెట్టెలా మూసి ఉన్న బాడీ భాగాల్లో లోపలి నుంచి పుట్టే తుప్పు. అది బయటికి ఉబ్బుగా కనబడేటప్పటికి లోపల సగం తినేసి ఉంటుంది.

షెడ్డులో పెట్టిన బండికి ఇంత తుప్పేమిటని మాస్టారు అడిగారు. షెడ్డులో పెట్టబట్టే. ఉప్పుకి గాలిలో తేమను లాక్కునే గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనే కరిగి నీరవుతుంది. సముద్రం పక్కన రాత్రిళ్లు తేమ ఆ గీత దాటడం మామూలే. అంటే ప్రతి రాత్రీ రేకు మీద ఉప్పునీరు, పగలు ఎండి మళ్లీ ఉప్పు. వానలో తిరిగే బండికి కింద కొంతైనా కడుక్కుపోతుంది, పరుగులో ఆరుతుంది. సముద్రం వైపు తెరిచిన షెడ్డులో, పైన కవరు కప్పి, కింద ఇసక నేల మీద నిలబెట్టిన బండికి ఉప్పు చేరడమే గాని కడిగేవాడు లేడు. పెద్దాయన పైనంతా వారం వారం తుడిచాడు. అందుకే పైన అంత బాగుంది.

సాలూరులో పట్టీ వేయిస్తే?

అక్కడే నిలబడి ఖర్చు లెక్క వేశాం. టైర్లు ఐదూ 30 వేలు పైన. బ్యాటరీ 6 వేలు. ఆయిళ్లు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ కలిపి 12 వేలు. వెనక డ్రమ్ములు విప్పి షూలు మార్చి, ముందు డిస్కులు మార్చడానికి 14 వేలు. డీజిల్ ట్యాంకు దింపి కడగడం, ఇంజెక్టర్లు టెస్టింగ్‌కి పంపి ఒకటి మార్చాల్సి వస్తే అంతా కలిపి 30 వేలు. వైరింగ్, ఏసీ శుభ్రం, చిల్లర పనులు 8 వేలు. లక్ష దాటింది. బ్రోకరు ఓనర్‌తో మాట్లాడి 4 లక్షల 75 వేలకి దిగాడు. అంత దిగుతాడని మేం అనుకోలేదు, మాస్టారు కళ్లతోనే లెక్క వేసుకోవడం నాకు కనబడింది.

ఫోన్లో మాస్టారి బావమరిది కూడా కలిశాడు. "తుప్పుకేటి బావా, సాలూరు తెచ్చీ, పట్టీ వేయించీగలం." సాలూరు అంటే లారీల ఊరు, బాడీ కట్టడంలో వాళ్ల చేతిపని మీద నాకూ గౌరవమే. కానీ లారీకి కింద వేరేగా చాసిస్ ఉంటుంది, మిల్లీమీటర్ల మందం ఉన్న చానల్ ఇనుము. పగిలితే పట్టీ వేసి వెల్డింగ్ కొడతారు, మళ్లీ పది టన్నులు మోస్తుంది. ఈ కార్లకి వేరే చాసిస్ లేదు. మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉన్న రేకుల్ని పెట్టెలుగా మడిచి, చుక్కలు చుక్కలుగా వెల్డ్ చేసి, ఆ పెట్టెల బలం మీదే బండి అంతా నిలబెడతారు. కొన్నిచోట్ల రేకు మామూలు ఇనుము కాదు, బలం ఎక్కువున్న స్టీలు. గ్యాసు పెట్టి కాలిస్తే దాని గుణం పోతుంది. కాల్చిన చోట లోపలివైపు రక్షణ పూత మాడిపోతుంది, మూసి ఉన్న పెట్టె లోపల మళ్లీ పూత వేయడం కష్టం. పట్టీ బాగానే ఉంటుంది, దాని పక్క రేకు మరుసటి వానాకాలానికి పోతుంది.

"ఇప్పుడే విరిగిపోతుందా?" అని మాస్టారు సూటిగా అడిగారు. లేదు. ఇవాళ తీసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు, రెండు మూడేళ్లు ఏమీ తెలియకపోవచ్చు కూడా. కానీ వెనక బీమ్ పట్టుకునే చోటు, ఫుట్‌బోర్డు పెట్టె, ఈ రెండూ గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కాపాడాల్సిన భాగాలు. వాటి బలం ఎంత మిగిలిందో కొలిచి చెప్పే సాధనం నా దగ్గర లేదు, ఈ జిల్లాల్లో ఏ షెడ్డులోనూ నేను చూడలేదు. ధర తగ్గించమని అడగాలంటే తగ్గాల్సింది ఎంతో తెలియాలి గదా. ఇంజెక్టర్‌కి ధర ఉంది, దీనికి లేదు. రెండేళ్ల మనిషైతే నా మాట ఇంత గట్టిగా ఉండేది కాదేమో, ఏడేళ్లకి మాత్రం ఏ ధరకైనా వద్దన్నాను.

మాస్టారు ఆ రాత్రి ఇంకోసారి ఫోన్ చేశారు, 4 లక్షల 50 వేలకి వస్తోందని. అదే జవాబు చెప్పాను.

పెద్దాయనకి విషయం నేనే చెప్పాను, బ్రోకరు చేత చెప్పించలేదు. ఆయన ఎవర్నీ మోసం చేయలేదు. కింద కోటింగ్ కొట్టించిన సంగతి కూడా ఆయనకి తెలియదు, బండి రెండు రోజులు పలాసలో ఉంచుకుని తెచ్చారట. కొనేవాళ్లకి కింద చూపించి అమ్మండి, ఈలోగా ఆ కోటింగ్ గీకించేసి రంధ్రాలు తెరిపించండి అని చెప్పి వచ్చాను. తడిని లోపలే మూసిపెట్టే పూత ఏ పూతా లేకపోవడం కన్నా హాని.

బొబ్బిలి బండి

నెలన్నర తర్వాత మాస్టారు తీసుకున్నది బొబ్బిలిలో ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ బండి. బారువ బండి కన్నా ఏడాది పాతది, అంటే 2017 మోడల్, తిరిగింది లక్షా 12 వేలు. ఎక్కువ తిరిగిన బళ్లన్నీ మంచివని దీన్నిబట్టి అనుకోవద్దు. అంతకు వారం ముందే లక్ష దాటిన ఇంకోదాన్ని, ఆయిల్ మూత తీయగానే గుప్పుగుప్పున గ్యాసు తన్నుకొస్తుంటే, అక్కడికక్కడే వదిలేశాం.

బొబ్బిలి బండికి పది పదివేలకీ బిల్లు ఉంది, ప్రతి బిల్లు మీదా కిలోమీటర్లు రాసి ఉన్నాయి. ఈ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉంది, వాల్వుల్ని పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపేది అదే. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ పైభాగం పోతుంది. మాన్యువల్‌లో చెప్పిన గడువుకి ముందే మార్పించిన బిల్లు చూపించాడు, టెన్షనర్, వాటర్ పంపుతో సహా. పాత డీజిల్ కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది తమ ఇంజిన్‌లో ఉన్నది బెల్టా, గొలుసా (చైన్) అని. అమ్మేవాడిని అడిగితే సగంమంది చైనే అంటారు, మాన్యువల్ చూడటమే మంచిది.

కింద చూస్తే ఎర్రమట్టి ఎండి పేరుకుని ఉంది. కడిగిస్తే సైలెన్సర్ మీద, ఆర్మ్‌ల మీద పైతుప్పు, అతుకుల్లో కంపెనీ సీలింగ్ చెక్కుచెదరలేదు. రంధ్రాలు తెరిచే ఉన్నాయి. అరిగినవి అరిగినట్టే ఉన్నాయి: క్లచ్ పైకి వచ్చాక గాని పట్టడం లేదు, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగాయి, బ్రేకు డిస్కుల అంచు లేచింది, డ్రైవర్ సీటు ఒకవైపు కుంగింది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు మొదట్లో కొద్దిగా ఆయిల్ తడి.

అడిగింది 5 లక్షల 60 వేలు, కుదిరింది 5 లక్షల 25 వేలు. ఇంకో 80 వేలు విడిగా బ్యాంకులో ఉంచి ముట్టుకోవద్దని చెప్పాను. ఫారం 29, 30 అప్పుడే సంతకాలు చేయించి, లోన్ తీరిన ఫారం 35 కూడా పట్టుకుని, బదిలీ 14 రోజుల్లోపే పెట్టించాం. అమ్మినవాడి పేరు మీదే బండి తిప్పుతూ రేపు చేద్దాం మాపు చేద్దాం అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. యాక్సిడెంట్ ఏదైనా అయితే ఇద్దరూ చిక్కుకుంటారు.

ఏడాది గడిచింది. క్లచ్ నాలుగో నెలలో వేశాం, బుష్‌లు, డిస్కులు దాంతో పాటే. ముందు రెండు టైర్లు దసరాకి మారాయి. విడిగా ఉంచిన 80 వేలల్లో 52 వేలు ఖర్చయ్యాయి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కించినా వేడి ముల్లు మధ్య దాటలేదని మాస్టారు చెప్పారు. ఇంటర్‌కూలర్ పైపు దగ్గర తడి అలాగే ఉంది, పెరగలేదు. సర్వీసుకి వచ్చినప్పుడల్లా తుడిచి, ఫోటో తీసి, పాత ఫోటో పక్కన పెట్టి చూస్తున్నాం. పెరిగితే టర్బో విప్పాలి, దానికి ఇంకో 35 వేలు అవుతుందని ముందే చెప్పి ఉంచాను.